ఆవిడకి నేనెందుకు నచ్చలేదు?

ప్రశ్న:

నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. మావారు, ఒక పాప. చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు. కానీ కొంతకాలంగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మా టీమ్‌లోకి కొత్తగా ఒకావిడ వచ్చారు. అందరితో నవ్వుతూ మాట్లాడతారు, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముభావం. నేనేం చేశానో తెలియదు. మంచి చేసుకుందామని ఆవిడ రిపోర్టులు నేనే సరిచేసి పెడుతున్నాను. ఆవిడ సెలవు పెడితే ఆ పని కూడా నామీదే వేసుకుంటున్నాను. కనీసం థాంక్స్ అనరు. పైగా ‘ఆవిడ మంచితనమంతా నటన’ అని ఇంకొకరితో అన్నారట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ఇదొక్కటే కాదు. ఈమధ్య నా స్నేహితురాళ్లు ఇద్దరికి గొడవైంది. ఒకామె చెప్పుకున్నప్పుడు ‘నువ్వన్నది నిజమే’ అన్నాను. రెండో ఆమెతోనూ అదే అన్నాను. మాటామాటా పెరిగి ఇద్దరూ నా మెసేజ్‌లు ఒకరికొకరు చూపించుకున్నారు. అందులో ఒకామె ఫోన్ చేసి ‘నీకంటూ ఒక అభిప్రాయం ఏడ్చిందా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఇద్దరూ దూరంగా ఉంటున్నారు.

చిన్నప్పుడు మా నాన్నగారికి కోపం ఎక్కువ. ఆయన ఇంట్లోకి అడుగు పెట్టగానే మొహం చూసి, దాన్నిబట్టి మాట్లాడటం నాకు అలవాటు. ఇప్పటికీ ఎవరైనా ఉత్త ‘సరే’ అని మెసేజ్ పెడితే, కోపం వచ్చిందేమోనని మళ్లీ అడుగుతాను. ఏ సినిమాకి వెళ్దామంటే ‘మీ ఇష్టం’ అంటాను. మావారు ‘పట్టించుకోకు’ అంటారు. అది చేతనైతే ఈ ఉత్తరం ఎందుకు రాస్తాను? అందరికీ నచ్చాలన్న ఈ పిచ్చి ఎలా పోతుంది? పోతే నేను కఠినంగా తయారవుతానా? ఇంత పొడుగ్గా రాసి విసిగించినందుకు క్షమించండి.

— ఒక పాఠకురాలు

సమాధానం:

ఆవిడ మీతో ఎలా ఉంటారో రాశారు. ఏమన్నారో రాశారు. ఆవిడ కోసం మీరు ఏమేం చేశారో రాశారు. ఒక్క సంగతి మాత్రం మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు. ఇంతకీ ఆవిడ మీకు నచ్చారా?

ఆవిడతో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? ఆవిడ పనితీరు మీద గౌరవం ఉందా? ఉంటే రాసేవారే. ఆ ప్రశ్న మీకు తట్టనే లేదని నా అనుమానం. మీ దృష్టంతా ఆవిడ మనసులో మీకు ఎన్ని మార్కులు పడ్డాయన్న దానిమీదే ఉంది. మీ మనసులో ఆవిడకి ఎన్ని మార్కులో మీరు వేసుకోనేలేదు.

ఉత్తరం చివర క్షమించమన్నారు. పాఠకుల ఉత్తరాలు చదవడమే నా పని, పొడుగు ఉత్తరానికి విసుక్కునేదాన్నయితే ఈ కుర్చీలో కూర్చోను. అయినా నాలాంటి ముక్కూ మొహం తెలియని మనిషి కూడా మిమ్మల్ని తప్పుగా అనుకోకూడదని మీకు అనిపించింది చూశారా, దాని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా మీవారి సలహా. ఆయన మంచి మనసుతోనే అన్నారు, సందేహం లేదు. కానీ ‘పట్టించుకోకు’ అన్న మాట ఎవరికీ పనిచేయగా నేను చూడలేదు. పట్టించుకోవడం మన చేతిలో ఉండదు. 1995లో రాయ్ బామైస్టర్, మార్క్ లీరీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కుప్పపోసి చూసి ఒక పెద్ద వ్యాసం రాశారు. నలుగురిలో ఒకరిగా ఉండాలన్న కోరిక సరదా కాదు, మనిషికి మౌలికమైన అవసరం అని దాని సారాంశం. మనిషి గుంపుగా బతికి బట్టకట్టిన జీవి. వేల తరాల పాటు గుంపు వెలివేసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. కాబట్టి ఎవరైనా మొహం తిప్పుకుంటే మనకు చురుక్కుమంటుంది. అది మీ బలహీనత కాదు.

ఆ చురుకు ఎంత లోతుగా ఉంటుందో చూపించే ప్రయోగం ఒకటి ఉంది. కిప్లింగ్ విలియమ్స్ అనే ఆయన కంప్యూటర్ తెర మీద చిన్న బంతాట తయారు చేశారు. మీరు, ఇంకో ఇద్దరు. బంతి ఒకరికొకరు విసురుకోవడం, అంతే. కాసేపయ్యాక ఆ ఇద్దరూ మీకు బంతి వేయడం మానేస్తారు. 2003లో నయోమి ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్‌లతో కలిసి, ఈ ఆట ఆడుతున్నవాళ్ల మెదడును స్కాన్ చేసి చూశారు. బంతి రాకుండా పోయినప్పుడు, శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుకయ్యే భాగం ఒకటి చురుకైంది. ఆ ఇద్దరు ఆటగాళ్లూ నిజానికి మనుషులే కారు, కంప్యూటర్ ప్రోగ్రామ్. తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో ఆ సంగతి ముందే చెప్పేశారు. అయినా జనం బాధపడ్డారు! 2007లో ఇంకా విచిత్రం. అవతల ఆడుతున్నది కు క్లక్స్ క్లాన్ వాళ్లని, అంటే జాతి ద్వేషానికి పేరుమోసిన ముఠా అని చెప్పారు. తాము అసహ్యించుకునే వాళ్లు బంతి వేయకపోయినా మనసు చివుక్కుమంది.

కాబట్టి ఆ సహోద్యోగిని మీద మీకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేకపోయినా ఆవిడ ముభావం గుచ్చుకోవడంలో వింత లేదు. ‘నాకెందుకు ఇంత బాధ’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపేయండి.

బామైస్టర్, లీరీల వ్యాసంలోనే ఇంకో మాట ఉంది. దాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ అవసరం తీరడానికి ప్రపంచమంతా అక్కర్లేదు. గట్టిగా నిలబడే కొన్ని బంధాలు ఉంటే తీరిపోతుంది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు చేరుతున్నకొద్దీ కలిగే తృప్తి తగ్గుతూ వస్తుంది. మీకు భర్త ఉన్నారు, పాప ఉంది, మీ మీద కోప్పడేంత చనువున్న స్నేహితురాలు ఉంది. మీ అవసరం చాలావరకు తీరే ఉంది. అయినా మీరు ఆగలేకపోతున్నారు. అంటే మిమ్మల్ని నడిపిస్తున్నది అవసరం ఒక్కటే కాదు, భయం కూడా.

నా ఉద్దేశంలో మీరు వదులుకోవాల్సింది నచ్చాలన్న కోరికను కాదు. అది ఉంటుంది, ఉండనివ్వండి. ఒకరికి నచ్చలేదని తెలిసిన మరుక్షణం దాన్ని బాగుచేయడానికి మీరు తీసే పరుగు ఉంది చూడండి, అది వదులుకోవాలి. బాధ దానంతట అది వస్తుంది. పరుగు మాత్రం మీరు చేసే పని. రిపోర్టు దిద్దిపెట్టడం పరుగు. ‘కోపం వచ్చిందా?’ అని రెండో మెసేజ్ పెట్టడం పరుగు. ఇద్దరికీ తలూపడం, ‘మీ ఇష్టం’ అనడం, చివర్లో క్షమాపణ, అన్నీ అవే. బాధ మీద మీకు అదుపు లేకపోవచ్చు, ఈ పనుల మీద ఉంది.

ఇక ఆ రిపోర్టుల సంగతి. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. (అనుకున్నా ఫరవాలేదు.)

ఆవిడ వైపు నుంచి ఒకసారి చూడండి. కొత్త ఆఫీసు. ఒకావిడ అడగకుండానే వచ్చి తన రిపోర్టులో తప్పులు దిద్దుతున్నారు. తను లేనప్పుడు తన పని చేసేస్తున్నారు. పైగా నవ్వు మొహం. దీన్ని సాయమనే అనుకోవాలని ఎక్కడుంది? ‘నా పని సరిగా లేదని చెప్పడమా ఇది?’ అని అనుకోవచ్చు. ‘నా దగ్గర ఏదో ఆశిస్తున్నారు’ అని అనుకోవచ్చు. 1964లోనే ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ చిక్కుముడి గురించి రాశారు. ఎదుటివాళ్ల మెప్పు ఎంత ఎక్కువ అవసరమైతే, దానికోసం చేసే పనులు వాళ్లకు అంత అనుమానంగా కనిపిస్తాయి. ఎవరి ముందు మంచి అనిపించుకోవాలని ఎక్కువ తాపత్రయపడతామో వాళ్లే ముందుగా పసిగడతారు. మీరు దిద్దిన ప్రతి రిపోర్టూ ఆవిడ చేతికి ‘నటన’ అనడానికి ఇంకో సాక్ష్యం ఇచ్చింది.

మీది నటన అని నేను అనను. నటించేవాళ్లకు నిద్ర బాగానే పడుతుంది. కానీ మీ మంచితనంలో కొంత పాలు భయం. మీకే తెలుస్తుంది కూడా. థాంక్స్ చెప్పలేదని రాశారే, అక్కడే దొరికిపోయారు. ఆ సాయానికి బదులుగా మీకు ఒకటి కావాలి, అది రాలేదు, మనసు కష్టపడింది. నిజంగా ఇవ్వాలనిపించి ఇచ్చినప్పుడు, అవతలివాళ్లు మర్చిపోయినా ఇంతగా గుచ్చుకోదు. ఇకమీదట ఎవరికైనా ఏదైనా చేసేముందు ఒక్క క్షణం ఆగి, ‘ఇది నేను చేశానని వాళ్లకు తెలియదనుకో, అప్పుడూ చేస్తానా?’ అని అడిగి చూసుకోండి. చేస్తాననిపిస్తే హాయిగా చేయండి. లేదంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

ఆవిడకి మీరు నచ్చకపోవడానికి కారణం ఏమిటని మీరు బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు. మీ గొంతు ఆవిడకి తెలిసిన ఇంకెవరినో గుర్తు చేస్తుండొచ్చు. మీరంటే అందరూ బాగా చెప్పుకుంటారు కాబట్టే ఒళ్లు మండుతుండొచ్చు. మీ వల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే, అది ఫలానా అని ఆవిడే చెప్పాలి. మీరు కావాలంటే ఒకే ఒక్కసారి, నేరుగా, ‘మన మధ్య పని విషయంలో ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి’ అని అడగండి. ‘ఏమీ లేదు’ అంటే అక్కడితో ఆ ఫైలు మూసేయండి. ఎదుటివాళ్లు చెప్పని కారణాన్ని ఊహించి సరిచేసుకునే బాధ్యత మీది కాదు. ఎవరితోనో అన్న మాట గురించి నిలదీయడం మాత్రం వద్దు. చెవిన పడిన మాట ఎప్పుడూ అన్న మాట లాగే ఉండదు, దాన్ని మోసుకొచ్చినవాళ్ల ఉప్పూకారం కూడా కలిసే వస్తుంది. అసలు అది మీ చెవిదాకా తెచ్చిన మనిషి ఎందుకు తెచ్చారో అన్నది నాకైతే ఇంకా ఆసక్తికరమైన ప్రశ్న.

అందరికీ నచ్చడం అసలు సాధ్యమేనా? మీ స్నేహితురాళ్ల గొడవలోనే జవాబు ఉంది. ఇద్దరు పోట్లాడుకున్నారు. ఒకరి వైపు నిలబడితే రెండోవాళ్లకు నచ్చరు. ఎవరి వైపూ నిలబడకపోతే ఇద్దరికీ కొంచెం కొంచెం నచ్చరు. ఇద్దరి వైపూ నిలబడితే, మీరే చూశారు. మనుషులకు ఒకరి మీద ఒకరికి పడనప్పుడు, వాళ్లందరికీ ఒకేసారి నచ్చడమన్నది లెక్క ప్రకారమే కుదరదు. మీరు ఎంత మంచివాళ్లన్నది ఇందులో రాదు.

పిల్లల మధ్య కూడా అంతే. 1982లో జాన్ కోయి, కెన్నెత్ డాడ్జ్, హైడీ కాపొటెల్లి స్కూలు పిల్లలను ఒక్కొక్కరినీ అడిగారు, మీ తోటివాళ్లలో ఎవరు ఎక్కువ ఇష్టం, ఎవరు అస్సలు ఇష్టం లేదు అని. చాలామందికి నచ్చే పిల్లలు, చాలామందికి నచ్చని పిల్లలు ఎలాగూ ఉన్నారు. ఎవరి లెక్కలోనూ లేని పిల్లలూ ఉన్నారు, వాళ్లను ఇష్టమని ఎవరూ అనలేదు, ఇష్టం లేదనీ అనలేదు. ఇంకో రకం కూడా తేలారు. కొందరికి ఎంతో ఇష్టమైనవాళ్లు, అదే సమయంలో ఇంకొందరికి అస్సలు గిట్టనివాళ్లు. ఒకే పిల్ల, ఒకే స్వభావం. గుంపులో కాస్త గట్టిగా కనిపించే పిల్లకు రెండు రకాల ఓట్లూ పడతాయి. ఒక్క వ్యతిరేక ఓటూ పడకూడదని పంతం పడితే చివరికి చేరేది, ఎవరి లెక్కలోనూ లేని పిల్లల వరసలోకి.

మీ స్నేహితురాలు అడిగిన ప్రశ్న నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. ఆమె మాట దురుసుగానే ఉంది. కానీ ఆమె కోపం మీరు రెండోవాళ్ల వైపు మాట్లాడారని కాదు. మీ అసలు మాట ఏమిటో తనకు దొరకలేదని. ఇన్నేళ్ల స్నేహంలో తనకు దక్కింది మీరా, లేక తన మాటకే మీరిచ్చిన ప్రతిధ్వనా అని ఆమెకు అనుమానం వచ్చింది. సహోద్యోగిని మాటనూ ఈ స్నేహితురాలి మాటనూ మీరు ఒకే తక్కెడలో వేశారు. రెండూ ఒకేలా బాధించాయి కాబట్టి రెండూ ఒకే బరువు అనుకున్నారు. కాదు. కొద్ది కాలపు పరిచయంతో చాటుగా అన్న మాట ఒకటి. ఏళ్లుగా తెలిసిన మనిషి ఫోన్ చేసి మొహం మీదే అన్న మాట ఒకటి. మొదటిది వదిలేయాలి, రెండోది వినాలి. ఎవరి అయిష్టాన్నీ లెక్కచేయకుండా బతకమని నేను చెప్పడం లేదు. అలా బతికేవాళ్లు ఉన్నారు, వాళ్లతో వేగడం ఎంత కష్టమో వాళ్ల ఇంట్లోవాళ్లను అడగాలి. పని విషయంలో మీ పై అధికారి ఏమనుకుంటున్నారన్నది ముఖ్యమే, దానిమీద జీతం ఆధారపడి ఉంది. మీవారు, మీ పాప, ఒకరిద్దరు స్నేహితులు ఏమనుకుంటారన్నది చాలా ముఖ్యం. ఆ తర్వాతి జాబితా మీరు అనుకుంటున్నంత పొడుగుండదు.

మీ నాన్నగారి గురించి క్లుప్తంగా రాశారు, నేనూ క్లుప్తంగానే చెబుతాను. కోపిష్టి మనిషి ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలకు మొహాలు చదవడం బాగా వస్తుంది. అడుగుల చప్పుడును బట్టే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో చెప్పేస్తారు. అప్పుడది మిమ్మల్ని కాపాడింది. ఆ పిల్ల తెలివైనది, ఆమెను తక్కువ చేయకండి. కాకపోతే అప్పుడు ఆ ఒక్క మొహం మీ రోజును తలకిందులు చేయగలిగేది. ఇప్పుడు ఆఫీసులో ఎవరి మొహానికీ అంత శక్తి లేదు. ఆ తేడా మీ బుర్రకు తెలుసు, మీ ఒంటికి ఇంకా తెలియలేదు. అందుకే ‘సరే’ అన్న రెండక్షరాలు చూడగానే గుండె దడ.

పైగా మీ లెక్క తరచూ తప్పుతుంది కూడా. మీ ఒక్కరిదే కాదు, అందరిదీ. 2018లో ఎరికా బూత్‌బీ, గస్ కూనీ మరో ఇద్దరితో కలిసి చేసిన పరిశోధనలో, కొత్తవాళ్లను జతలుగా కూర్చోబెట్టి కాసేపు మాట్లాడుకోమన్నారు. తర్వాత విడివిడిగా అడిగారు, అవతలివాళ్లు నీకు ఎంత నచ్చారు, నువ్వు వాళ్లకు ఎంత నచ్చావనుకుంటున్నావు అని. మొత్తం మీద జనం తాము నిజంగా నచ్చినదాని కంటే తక్కువే నచ్చామని అనుకున్నారు. హాస్టల్లో కలిసి ఉండే విద్యార్థుల్లో ఈ తేడా నెలల తరబడి కనిపించింది. మీకు ఉత్త ‘సరే’ పంపినవాళ్లలో ఎక్కువమంది ఆ సమయంలో ఇంకేదో పనిలో ఉండి ఉంటారు. మీ గురించి వాళ్లకు అసలు ఏ అభిప్రాయమూ వచ్చి ఉండదు.

అయితే ఈ మాట చెప్పి మిమ్మల్ని ఊరడించడం నాకిష్టం లేదు. ఎందుకంటే ‘నిజానికి వాళ్లకు నేను నచ్చానులే’ అన్న భరోసా మీద నిలబడితే, నిజంగానే నచ్చనివాళ్లు ఎదురైన రోజు మళ్లీ మొదటికి వస్తారు. ఆ సహోద్యోగినికి మీరు నిజంగానే నచ్చకపోవచ్చు. మీరు నేర్చుకోవాల్సింది ఆ పరిస్థితిలో మామూలుగా పని చేసుకుని, ఇంటికెళ్లి, నిద్రపోవడం.

అది ఆలోచిస్తే రాదు, చేస్తే వస్తుంది. ఆల్బర్ట్ ఎల్లిస్ అని అమెరికాలో పేరున్న మనస్తత్వవేత్త ఉండేవారు. పందొమ్మిదేళ్లప్పుడు ఆయనకు ఆడపిల్లలతో మాట్లాడాలంటే వణుకు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌లో బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఏ అమ్మాయి కనిపించినా పక్కన కూర్చుని మాట కలపాలని తనకు తానే పందెం పెట్టుకున్నారు. ఒక నెలలో 130 మంది దాకా ప్రయత్నించానని ఆయనే చెప్పుకున్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. మళ్లీ కలుస్తానని ఒప్పుకున్నది ఒక్కరు, ఆవిడా రాలేదు. ఫలితం చూస్తే ఘోరమైన ఓటమి. కానీ ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు, ఆయనకు భయం పోయింది. (ఈ రోజుల్లో పార్కులో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను ఇలా పలకరిస్తూ తిరగడం మర్యాద కాదు, అది వేరే సంగతి.) తర్వాత 1950లలో ఆయన మనుషుల్ని కుంగదీసే అర్థంలేని నమ్మకాల జాబితా ఒకటి తయారు చేశారు. అందులో మొట్టమొదటిది మీరు రాసినదే. దాదాపు అందరి ప్రేమా ఆమోదమూ నాకు ఉండి తీరాలన్నది. ఉంటే బాగుంటుంది అనుకోవడంలో తప్పు లేదనేవారు ఆయన. ఉండి తీరాలి అన్న పట్టుదలతోనే చిక్కంతా.

మీకు 130 మంది అక్కర్లేదు. మొదట రెండో మెసేజ్ ఆపండి. ఎవరో ‘సరే’ అన్నారు, మీ చెయ్యి ఫోన్ మీదికి వెళ్తోంది. పంపకండి. ఒక గంట గడిచేసరికి లోపల గొడవ పెరుగుతుంది, పెరగనివ్వండి. మనం ఏమీ చేయకపోయినా ఆ గాభరా ఒక స్థాయికి వెళ్లి దానంతట అదే దిగుతుంది. ఇన్నాళ్లూ మీరు దాన్ని దిగనివ్వలేదు, దిగేలోపే మెసేజ్ పెట్టేశారు. దాంతో ‘మెసేజ్ పెట్టాను కాబట్టే గండం గడిచింది’ అని మీ మనసు పాఠం నేర్చుకుంది. మెసేజ్ పెట్టకుండా కూడా గండం గడుస్తుందని దానికి తెలిసే అవకాశం ఇవ్వండి. మొదటి రాత్రి కష్టంగానే ఉంటుంది. నాలుగైదు సార్లు గడిచాక అంత ఉండదు.

తర్వాత రిపోర్టులు. రేపటి నుంచే మానేయండి. ప్రకటించి మానక్కర్లేదు, ఊరికే మానేయండి. ఆవిడే అడిగితే, ‘ఈ వారం నాకు కుదరదండీ’ చాలు. అక్కడే ఆగాలి. మీలాంటివాళ్లు ‘కుదరదు’ అన్న వెంటనే, పాపకు జ్వరమనీ, ఇంట్లో పనులనీ, వచ్చే వారమైతే తప్పకుండా అనీ చెప్పుకుంటూ పోతారు. అన్ని కారణాలు చెబితే అవతలివాళ్లు ఒక్కొక్కదానికీ పరిష్కారం చూపిస్తారు, చివరికి మీరే ఒప్పుకుంటారు. ఇంటి దగ్గర, చుట్టాల్లో, వెంటనే కాదనలేని చోట ‘చూసుకుని రేపు చెబుతాను’ అనండి. మొహమాటం ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఎక్కువ పనిచేస్తుంది, మర్నాటికి దాని జోరు తగ్గుతుంది.

కాదంటే వాళ్లేమనుకుంటారో అన్న భయం కూడా సైజుకు మించినదే. 2023లో జూలియన్ గివీ, కాలీన్ కర్క్ ప్రచురించిన అధ్యయనంలో, పిలిస్తే రానని చెప్పినవాళ్లు, పిలిచినవాళ్లు ఎంత నొచ్చుకుంటారని ఊహించారో, వాళ్లు నిజానికి అంత నొచ్చుకోలేదని తేలింది. కాదన్న మనం ఆ ‘కాదు’ దగ్గరే ఆగిపోతాం. విన్నవాళ్లు, ‘పాపం ఆలోచించే చెప్పి ఉంటారు’ అనుకుని వాళ్ల దారిన వాళ్లు పోతారు.

అందరూ అలా వెళ్లిపోరు. అది కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. ఇన్నేళ్లూ మీరు కాదనకపోవడం కొందరికి బాగా కలిసివచ్చింది. వాళ్లు ‘ఈమధ్య నువ్వు చాలా మారిపోయావు’ అంటారు. నిజమే కదా, మారుతున్నారు. ఆ మాట విని మళ్లీ పాత దారికి పరిగెత్తకండి. ఒకరిద్దరు దూరం కూడా కావొచ్చు. మీరు పని చేసిపెట్టినంత కాలమే నిలిచిన సంబంధం ఎలాంటిదో అప్పుడు తెలుస్తుంది, తెలిసినప్పుడు కష్టంగానే ఉంటుంది.

కఠినంగా తయారవుతానేమో అన్నారు. మీరా! రెండక్షరాల మెసేజ్‌కి నిద్ర పోగొట్టుకునే మనిషి కాస్త తగ్గినా ఇంకా మామూలు మనుషుల కంటే సున్నితంగానే ఉంటారు, నాదీ పూచీ. కాదని చెప్పడం వేరు, కసిరికొట్టడం వేరు. కాకపోతే మొదట్లో మీ గొంతు అవసరానికి మించి గట్టిగా వినిపించొచ్చు. కొత్త కదా. సర్దుకుంటుంది.

ఇంకో కోణం కూడా చూడండి. సొలొమన్ ఆష్ 1951లో ప్రచురించిన ప్రయోగం గురించి మీరు ఎక్కడో చదివే ఉంటారు. గీతల పొడుగు పోల్చి చెప్పాలి. గదిలో మిగిలినవాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు చెబుతారు. అసలు విషయం తెలియకుండా ఆ ఒక్కరి చోట కూర్చున్నవాళ్లలో చాలామంది కళ్లెదుట కనిపిస్తున్నదాన్ని పక్కనపెట్టి ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పే చెప్పారు. అయితే గుంపులో ఇంకొక్కరు, ఒకే ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, ఈ తప్పులు బాగా తగ్గిపోయాయి. మీటింగులో మీరు ‘నాకు అలా అనిపించడం లేదు’ అన్నప్పుడు, అదే అనిపించి నోరు మెదపలేని ఇంకొకరికి ఊపిరి వస్తుంది. ఎవరైనా కోప్పడతారేమోనని మీరు భయపడే చోట, ఆ ఇంకొకరికి మీ మాట అండగా ఉంటుంది. మీ పాప కూడా చూస్తుంటుంది. అందుకే ఈసారి సినిమా మీరే చెప్పండి. బాగోకపోతే బాగోదు. ఇంటర్వల్‌లో అందరూ మిమ్మల్ని ఆడిపోసుకుంటారు, ఆ మాత్రం దానికి అలవాటు పడటానికి అంతకంటే మంచి చోటు లేదు.

నిద్ర పట్టకపోవడం మాత్రం చిన్న విషయంగా తీసుకోకండి. ఇవన్నీ మొదలుపెట్టిన కొన్ని వారాల తర్వాత కూడా రాత్రుళ్లు ఇలాగే ఉంటే, లేదా ఆఫీసుకు వెళ్లాలంటేనే వణుకు పుడుతుంటే, కౌన్సెలర్‌ను కలవండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసేవాళ్లు సరిగ్గా ఇలాంటి భయాల మీదే, చిన్న చిన్న పనులు ఇచ్చి, పక్కనుండి చేయిస్తారు. మీ నాన్నగారి కోపం గురించి నాకు రెండు వాక్యాల్లో రాశారు, అక్కడ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇక మిగిలింది ఫోన్ చేసిన ఆ స్నేహితురాలు. ఆమె అడిగిన ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు. వాళ్లిద్దరి గొడవలో ఎవరిది ఎంత తప్పని మీకు నిజంగా అనిపిస్తోంది? ఇద్దరికీ చెరి సగం అని తప్పించుకోకుండా ఆలోచించండి. తేలాక ఆమెకు చెప్పండి. ‘నువ్వు బాధపడతావని ఇద్దరికీ తలూపాను. నాకు అనిపించింది మాత్రం ఇది’ అని. ఆమెదే తప్పనిపిస్తే అదే చెప్పండి. రెండో ఆమెతోనూ ఇదే మాట, మార్చకుండా. ఆ పని ఫోన్‌లోనే చేయండి, మెసేజ్ వద్దు. మెసేజ్ అయితే మీరు పదిసార్లు దిద్దుతారు, దిద్దిన ప్రతిసారీ అందులోంచి మీ అభిప్రాయం కొంచెం కొంచెం కారిపోతుంది.